చెక్‌డ్యామ్ కట్టినా బోర్లు ఎందుకు ఎండిపోతున్నాయి?

తమ ఊళ్లో చెక్‌డ్యామ్ కట్టాక రెండేళ్లు బోర్లు బాగా పోసి, మూడో ఏడు మళ్లీ ఎండిపోయాయని, ఎందుకిలా అని ఒక రైతు అడిగారు. మాది అనంతపురం జిల్లా, మా ఊళ్లోనూ అచ్చం ఇదే జరిగింది. నీళ్లు కనబడగానే అందరం వరి నాటాం. మా ఇంట్లోనే రెండెకరాలు. కొత్త బోర్లు కూడా పడ్డాయి. కొబ్బరికాయ పట్టుకుని పాయింట్ చూసే పెద్దాయనకి ఆ ఏడు తీరిక లేదు! ఇంకినదానికన్నా తోడింది ఎక్కువైంది, అంతే.

మనది రాతినేల. పైన మెత్తబడిన పొరలో, కింద రాతి పగుళ్లలో తప్ప నీళ్లు నిలవవు. లోతుకి పోయేకొద్దీ ఆ పగుళ్లూ తగ్గుతాయి. అందుకే ఇంకో మూడొందల అడుగులు దించినా చాలాసార్లు దుమ్మే వస్తుంది.

2000ల దశకంలో ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ (ఎఫ్‌ఏఓ) సాయంతో ఏపీఫామ్‌జీఎస్ అనే పథకం ఏడు కరువు జిల్లాల్లో నడిచింది. భూగర్భజలాల్ని రైతులే చూసుకునే పథకం అది. అందులో రైతులే పదిహేను రోజులకోసారి బోర్లలో నీటిమట్టం కొలిచి, వానమాపకం చూసి, రబీకి ముందు ఊరంతా కూర్చుని నీటి లెక్క వేసుకునేవాళ్లు. ఫలానా పంట వద్దని ఎవరినీ బలవంతపెట్టేవాళ్లు కాదు. మేమూ ఆ పద్ధతే పట్టుకున్నాం.

మొదట్లో మా రీడింగులన్నీ తప్పులే. పక్క బోరు ఆడుతుండగా కొలిచేవాళ్లం, అప్పుడు మట్టం దిగిపోయి కనబడేది. తర్వాత కరెంటు రాకముందే, తెల్లారుజామున వెళ్లడం అలవాటు చేసుకున్నాం. ఆ అంకెలు రచ్చబండ పక్క గోడమీద రాశాం.

జనాన్ని కదిలించింది మాత్రం పంటల లెక్క. ఎకరామీద ఒక మిల్లీమీటరు నీళ్లంటే నాలుగు వేల లీటర్లు. వరికి సుమారు 1200 మిల్లీమీటర్లు కావాలి, అంటే ఎకరాకి 48 లక్షల లీటర్లు. శనక్కాయకి అందులో సగం కూడా అక్కర్లేదు. మా దగ్గర ఏడాదంతా కురిసేది 550 మిల్లీమీటర్లు, అటూఇటూ. అందులోనూ భూమిలోకి దిగేది కొంతే. ఆ లెక్క విన్నాక మా మామ ఒకాయన "అయితే నేను పక్కోడి నీళ్లు కూడా తాగేస్తున్నానన్నమాట" అన్నాడు. అయినా ఆ రబీలో వరే వేశాడు, అది వేరే సంగతి! మరుసటేడు నీళ్లు నిలబెట్టకుండా అప్పుడప్పుడు తడిపితే చాలే ఆరుతడి పంటలకి మారాడు.

నీళ్లు ఒక్కసారిగా పైకి రాలేదు. వానలు తప్పిన ఏడు మళ్లీ దిగాయి కూడా. కానీ వేసవిలో బోర్లు పూర్తిగా ఆగిపోవడం తగ్గింది.

మీరైతే వాడకుండా వదిలేసిన ఒక బోరు చూసుకుని, ఈ అక్టోబరు నుంచే కొలవడం మొదలుపెట్టండి. మా ఇంట్లో వరి ఇప్పుడు అరెకరమే, తిండిగింజలకి. మా అమ్మ ఇంకా సణుగుతూనే ఉంది.