వేడెక్కితే ఆగిపోయే అంబాసిడర్

ప్రశ్న: మాది 1986 మోడల్ పెట్రోల్ అంబాసిడర్, నాన్నగారి బండి. పొద్దున సెల్ఫ్ కొట్టగానే స్టార్టవుతుంది. పది పన్నెండు కిలోమీటర్లు వెళ్లాక దానంతటదే ఆగిపోతుంది. అరగంట ఆగితే మళ్లీ మామూలే. కార్బురేటర్ రెండుసార్లు కడిగించాం, కాయిల్ మార్పించాం. నా దగ్గర మల్టీమీటర్ ఉంది. నేనే చూసుకోవచ్చా?
– ఒక పాఠకుడు, తెనాలి

జవాబు: చూసుకోవచ్చండీ. కాకపోతే బండి ఆగిన చోటే చూడాలి. చల్లారాక మీటరు పెడితే అన్నీ బాగున్నట్టే కనిపిస్తాయి.

డిక్కీలో ఒక పాత స్పార్క్ ప్లగ్గు పడేసుకోండి. బండి ఆగగానే ఒక ప్లగ్గు వైరు ఊడదీసి దానికి తగిలించి, కార్బురేటర్‌కు దూరంగా ఇంజన్ ఇనుముకు ఆనించి, ఎవరితోనైనా సెల్ఫ్ కొట్టించండి. చేత్తో మాత్రం పట్టుకోకండి. కుర్రతనంలో నేను పట్టుకుంటే మోచేతి దాకా జిల్లుమంది! స్పార్క్ నీలంగా టపటపా కొడితే కరెంటు తప్పు కాదు. మన ఎండలకు పైపులో పెట్రోలు ఆవిరై అడ్డుపడుతుంటుంది, అటువైపు చూడండి. పసుపుగా నీరసంగా కొట్టినా, అసలు కొట్టకపోయినా డిస్ట్రిబ్యూటర్ (ప్లగ్గులకు వరసగా కరెంటు పంచేది) మూత తీయండి.

కీ ఆన్ చేసి, కాయిల్ నుంచి డిస్ట్రిబ్యూటర్‌కు వెళ్లే సన్న వైరు దగ్గర వోల్టులు చూడండి. పాయింట్లు (డిస్ట్రిబ్యూటర్ లోపల మూసుకుంటూ విడిపోతూ ఉండే చిన్న స్విచ్చు) మూసుకుని ఉంటే దాదాపు సున్నా, విడితే 12 రావాలి. మూసుకున్నా 12 ఉంటే పాయింట్లు మాడి ఉంటాయి, లేదా లోపలి చిన్న వైరు తెగి ఉంటుంది. ఈ వైరు మహా మాయదారిది. పాయింట్ల ప్లేటు కదిలినప్పుడల్లా వంగి వంగి, పైతొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగిపోతుంది. ఒక టాక్సీకి దీన్ని కనిపెట్టడానికి నాకు రెండు రోజులు పట్టింది.

పాయింట్లు విడదీసినా సున్నానే ఉంటే కండెన్సర్ (పాయింట్ల మధ్య మెరుపుల్ని అణచే చిన్న డబ్బా) వైరు తీసి చూడండి. 12 తిరిగొస్తే దొంగ దొరికినట్టే. లోపల షార్ట్ కాకుండా వేడికి నీరసపడే కండెన్సర్లూ ఉంటాయి. అప్పుడు పాయింట్ల మధ్య పెద్ద మెరుపులు వస్తాయి. మీ లక్షణాలు చూస్తే నా అనుమానం దాని మీదే. ఎలాగూ కొత్తది వేస్తారు కాబట్టి పాయింట్ల గ్యాప్ 0.38 మిల్లీమీటర్లకు పెట్టించండి.

కొత్త కాయిల్‌నూ గుడ్డిగా నమ్మకండి. కీ ఆపి, వైర్లు తీసి రెండు చిన్న టెర్మినళ్ల మధ్య కొలిస్తే సుమారు 3 ఓములు రావాలి. ఒకటిన్నర వస్తే అది విడిగా రెసిస్టర్ పెట్టి వాడే కాయిల్. నేరుగా కలిపితే తానూ కాలి, పాయింట్లనూ మాడుస్తుంది. ఇంజన్ ఆపి కీ ఆన్‌లో వదిలేసినా కాయిల్ కాలుతుంది, చూసుకోండి.

స్పార్క్ చూసేదాకా కార్బురేటర్ జోలికి వెళ్లకండి.