కొత్తగా పనిలో చేరుతున్న నీకు

చిరంజీవికి పెదనాన్న ఆశీస్సులు.

నువ్వు ఫ్యాక్టరీలో చేరబోతున్నావని తెలిసి సంతోషించాను. పని మెళకువలు అక్కడివాళ్లే నేర్పుతారు. అయితే వాళ్లు చెప్పడం మరచిపోయేవి, నువ్వు అడగడానికి మొహమాటపడేవి కొన్ని ఉంటాయి కనుక ఈ ఉత్తరం రాస్తున్నాను.

కుర్రవాళ్లకు దెబ్బ తగిలితే దూకుడు వల్లే తగిలిందని చాలామంది తేల్చేస్తారు. వర్క్‌షాపుల్లోనే జీవితం గడిపిన నేను ఆ మాట ఒప్పుకోను. ఇరవై అయిదేళ్లు దాటినవారితో పోలిస్తే, అంతకన్నా చిన్నవారికి పనిలో గాయాలయ్యే రేటు 40 శాతం వరకూ ఎక్కువగా ఉంటుందని అంతర్జాతీయ కార్మిక సంస్థ చెబుతోంది. నేను చూసినంతలో అందుకు పెద్ద కారణం, తెలియని సంగతిని తెలియదని చెప్పలేకపోవడమే. ఏమనుకుంటారో అన్న బెరుకుతో తలూపి, ఎవరూ సరిగా చూపించని మెషిన్ ముందు నిలబడతారు. నువ్వు అలా తలూపవద్దు. సూపర్‌వైజర్ ఎంత హడావుడిలో ఉన్నా, ‘ఒకసారి చేసి చూపించండి, తర్వాత నేను చేస్తుంటే మీరు చూడండి’ అని అడుగు.

మెషిన్‌లో ఏదైనా ఇరుక్కున్నప్పుడే అసలు ప్రమాదం. స్విచ్ ఆపేశాం కదా అని లోపల చెయ్యి పెడతాం. అవతలివైపు ఉన్నవాడికి మనం కనబడక, ఆగిపోయిందనుకుని మళ్లీ ఆన్ చేస్తాడు. అందుకే మెయిన్ స్విచ్ దగ్గర కరెంటు ఆపి, దానికి నీ తాళం వేసి, తాళంచెవి నీ జేబులోనే ఉంచుకోవాలి. ఆ తర్వాత స్టార్ట్ బటన్ నొక్కి, నిజంగా ఆగిందో లేదో చూడాలి. కరెంటు పోయినంత మాత్రాన అన్నీ నిశ్చలమైపోవు: పైకి లేచి ఉన్న ప్రెస్సు దిగవచ్చు, పైపుల్లో గాలి ఒత్తిడి మిగిలి ఉండవచ్చు, బిగిసి ఉన్న స్ప్రింగు ఒక్కసారిగా విడిపోవచ్చు. వాటిని కూడా సురక్షితం చేశాకే చెయ్యి పెట్టాలి.

గ్లౌజులు అన్నిచోట్లా రక్షణ కావు. పదునైన రేకులు మోసేటప్పుడు తప్పక వేసుకోవాలి గానీ, తిరిగే డ్రిల్లు దగ్గరా, లోహాన్ని తిప్పుతూ చెక్కే లేత్ మెషిన్ దగ్గరా వేసుకుంటే వేలి కొస తగిలిన క్షణంలోనే గుడ్డతోపాటు చెయ్యినీ లాగేస్తుంది. వదులు చొక్కా చేతులు, ఉంగరాలు కూడా అంతే.

మెషిన్‌కి రక్షణగా బిగించిన గార్డు (అడ్డు కవరు) తీసేసి పనిచేస్తే త్వరగా అవుతుందని అనుభవం ఉన్నవాళ్లే నేర్పే సందర్భం వస్తుంది. అప్పుడు పెద్దవాళ్లకు ఎదురు చెప్పడం కష్టమే; గౌరవంగానే చెప్పు, కానీ చెప్పు. ప్రాణాపాయం ఎదురుగా ఉందని సహేతుకంగా నమ్మి పని నుంచి తప్పుకున్న కార్మికుడికి అందువల్ల అన్యాయం జరగకుండా రక్షణ ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 1981 నాటి 155వ ఒప్పందంలోనే ఉంది. నీ ఉద్యోగానికి వర్తించే చట్టం ఏమంటుందో చేరిన మొదట్లోనే కనుక్కో.

కళ్లలో రసాయనం పడితే ఎవరినో వెతుకుతూ తిరగకుండా వెంటనే ధారగా పడే నీటితో కనీసం పదిహేను నిమిషాలు కడగాలి, ఆ తర్వాత డాక్టరు దగ్గరికి వెళ్లాలి. కాబట్టి కళ్లు కడిగే కుళాయి ఎక్కడుందో మొదటి రోజే చూసిపెట్టుకో. ట్యాంకులోకి దిగినవాడు స్పృహ తప్పితే మాత్రం వెంట దిగవద్దు. అతడిని పడేసిన గాలే నిన్నూ పడేస్తుంది. కేకవేసి, శ్వాస పరికరాలున్న శిక్షితులను పిలువు. స్నేహితుడిని కాపాడబోయి ప్రాణాలు పోగొట్టుకున్నవారు ఈ లోకంలో చాలామంది ఉన్నారు నాయనా.

చిన్న గాయమైనా సరే, ఆ రోజే రిజిస్టరులో రాయించు: సమయం, మెషిన్, చూసినవారి పేర్లు. తర్వాత అది చీముపట్టినా, నడుము పట్టేసినా, పనిలోనే జరిగిందనడానికి ఆ రాతే ఆధారం. తృటిలో తప్పిన ప్రమాదాన్ని కూడా చెప్పు, రేపు అక్కడ నిలబడేది నీలాంటి మరొకరు కావచ్చు.

మొదటి వారం పూర్తయ్యాక నీకు ఏ మెషిన్ అప్పగించారో, దాని కరెంటు ఎక్కడ ఆపాలో నాకు రాయి.

ఇట్లు,
నీ పెదనాన్న