నోటు వెనక చెల్లు

చిన్నోడా,

కొంపల్లిలో ఫ్లాటు కొంటున్నావని నిన్న మీ అమ్మ ఫోనులో చెప్పింది. సైకిలు చైను వేసుకోవడం రాక నా కొంగు పట్టుకుని ఏడ్చినవాడు 70 లక్షల ఇల్లు బేరమాడుతున్నాడంటే మురిసిపోయాను. "అద్దెతోనే ఈఎంఐ వెళ్లిపోతుందట అక్కా" అని అది అనేసరికి మాత్రం రాత్రి కన్ను మూతపడలేదు. ఎవడు చెప్పాడురా ఆ మాట? అమ్మేవాడేనా?

ఆస్తి మీద తాకట్లు, లావాదేవీలు చూపే ఈసీ తీయించు, పాత యజమానుల లింకు డాక్యుమెంట్లు లాయరుకు చూపించు, ప్రాజెక్టు ప్రభుత్వం దగ్గర నమోదైందో లేదో రెరా నంబరు చూసుకో. ఇవి నీకు తెలిసినవే.

ఇక నా సంగతి విను. 2015 దసరాకి ఉద్దండరాయునిపాలెంలో అమరావతికి శంకుస్థాపన జరిగింది. టీవీలో అది చూశాక మీ పెదనాన్నకి ఇంట్లో కాలు నిలవలేదు. డిసెంబరులో తుళ్లూరు వైపు 200 గజాలు కొన్నాం, గజం 12 వేలు. రిటైర్మెంటు డబ్బు 14 లక్షలు పోసి, తక్కువైన 10 లక్షలు రెండు రూపాయల వడ్డీకి తెచ్చాం. రెండేళ్లలో రెట్టింపన్నాడు ఏజెంటు. నేనూ తలూపాను. పాలపద్దు పైసలతో సహా రాసుకునేదాన్ని, ఆ రోజు పెన్ను తియ్యలేదు.

నెలకి 20 వేలు వడ్డీ. ఖాళీ స్థలానికి అద్దెవడిస్తాడు? ప్రతి ఒకటో తారీఖునా అప్పిచ్చినాయన వచ్చి వరండాలో కూర్చునేవాడు. వడ్డీ లెక్కపెట్టుకుని, ప్రామిసరీ నోటు తిరగేసి, వడ్డీ ముట్టినట్టు వెనక చెల్లు రాయించి పెదనాన్న చేత సంతకం పెట్టించేవాడు. మూడో ఏటికి వెనక చోటు చాల్లేదు. మా వంటింట్లోంచే నాలుగు మెతుకులు అడిగి, నోటు కింద ఇంకో కాగితం అతికించాడు. ఆ మెతుకులు నేనే తెచ్చిచ్చాను.

2019 డిసెంబరులో మూడు రాజధానుల మాట వచ్చింది. ఇక స్థలం అడిగేవాడు లేడు. ఇంకో ఏడాది చూసి గజం 8,500 చొప్పున 17 లక్షలకి వదిలించుకున్నాం. 24 పెట్టి, వడ్డీకి 12 పోస్తే తిరిగొచ్చింది 17. అందులో 10 అసలుకే పోయింది. తాకట్టు పెట్టిన నా కాసులపేరు బ్యాంకులోంచి ఇంటికి రానేలేదు. ఇప్పుడు రేట్లు మళ్లీ లేచాయని, ఉంచుకోవాల్సిందని మీ బాబాయి కూడా అంటాడు. ఎలా ఉంచుకుంటాం? రేట్లు లేచిన 2024 దాకా మోస్తే వడ్డీకే మరో 9 లక్షల 60 వేలు!

నీ లెక్క నేనే వేశాను. 70 లక్షల మీద రిజిస్ట్రేషన్ ఖర్చు ఏడున్నర శాతం, అంటే 5 లక్షల 25 వేలు. ఇంకా కడుతున్న బిల్డింగైతే 5 శాతం జీఎస్టీ అదనం, కట్టడం పూర్తై, ఉండొచ్చని అనుమతి పత్రం (ఓసీ) వచ్చిన ఇంటికి అది లేదు. అల్మరాలకీ ఫ్యాన్లకీ మరో 3 లక్షలు. 50 లక్షల లోను ఎనిమిదిన్నర శాతానికి 20 ఏళ్లంటే నెలకి దాదాపు 43,400. అద్దె 22 వేలన్నావట. ఏడాదిలో ఒక నెల ఖాళీగా ఉంటుందనుకో, 2 లక్షల 42 వేలు వస్తాయి. మెయింటెనెన్సు నెలకి 3,500 తీసేస్తే మిగిలేది 2 లక్షలు. ఇంటిపన్ను, కారిపోయే కుళాయిలు నేను వెయ్యలేదు. ఈఎంఐలు 5 లక్షల 20 వేల పైమాటే. అంటే నెలనెలా 27 వేలు నీ జీతంలోంచి వెయ్యాలి. జీతం ఆరు నెలలు ఆగితే? మీ కంపెనీల్లో పొద్దున పిలిచి సాయంత్రానికి పంపేస్తున్నారట కదా. ఆరు ఈఎంఐలు విడిగా బ్యాంకులో వేశాకే బయానా ఇవ్వు. వెయ్యలేకపోతే చిన్నది చూడు, లేదా రెండేళ్లు ఆగు.

కోపమొచ్చిందా? మీ పెదనాన్న ఉండుంటే నన్నింత తిట్టనిచ్చేవారు కాదు, ముందు నీకో కాఫీ పెట్టమనేవారు. బయానా ఇచ్చేలోపు ఓ ఆదివారం తెనాలి రా, ఆ లెక్క కాగితం తెచ్చుకో. బాకీ తీరాక నోటు చింపబోతే ఆయన వద్దన్నారు, ఇంకా బీరువాలోనే ఉంది. చూపిస్తాను. మెతుకులు ఎండిపోయాయి గానీ కాగితం ఊడలేదు.

మీ పెద్దమ్మ