ముందు రాగిరేకు, తర్వాతే జీవితం

చిరంజీవికి ఆశీస్సులు.

ఎన్‌గ్రేవర్, అంటే లోహపు రేకు మీద బొమ్మ చేసి అచ్చు తీసే కళాకారుడు, ఇంగ్లండుకు చెందిన జాన్ రాఫెల్ స్మిత్ మీద నీ వ్యాసం చదివాను. 1751లో డెర్బీలో పుట్టడం, తండ్రి ప్రకృతి దృశ్యాల చిత్రకారుడు కావడం, బట్టల కొట్లో పని నేర్చుకోవడం, లండన్ చేరడం, 1784లో వేల్స్ యువరాజు ఎన్‌గ్రేవర్‌గా హోదా, 1812లో డాంకాస్టర్‌లో మరణం, అన్నీ సరిగ్గానే ఉన్నాయి. కానీ ఆ మనిషి పొద్దస్తమానం చేతులతో ఏం చేశాడో ఎక్కడా లేదు. ఆ కాలపు పేరున్న ఇంగ్లిష్ చిత్రకారుడు రేనాల్డ్స్ గురించి చెబుతూ "రేనాల్డ్స్ చిత్రాలను ఉలితో చెక్కాడు" అన్నావు. అక్కడే పప్పులో కాలేశావు. స్మిత్‌కు పేరు తెచ్చినది మెజోటింట్, రాగిరేకును గరుకు చేసి వెలుగునీడలు తెచ్చే అచ్చు పద్ధతి. ఉలితో గీతలు చెక్కే పని కాదది.

నున్నటి రాగిరేకు మీద రాకర్ అనే ఉక్కు పనిముట్టును ఊపుతూ నడుపుతారు. దాని అంచు విల్లులా వంగి, సన్నటి పళ్లతో ఉంటుంది. నిలువుగా, అడ్డంగా, ఐమూలగా, దిశ మార్చి మార్చి రేకంతా గరుకెక్కిస్తారు. ఆ దశలో సిరా పట్టించి అచ్చు తీస్తే కాగితమంతా మఖమల్ లాంటి నలుపే. ముఖం ఆ నలుపులోంచే పైకి రావాలి. వెలుగు కావలసిన మేరకు గరుకును గీకుడు కత్తితో తీస్తారు. నుదుటి మీద, కంటి మెరుపు దగ్గర రేకును రుద్ది నునుపు చేస్తారు. నునుపైన చోట సిరా నిలవదు, కాగితం తెల్లగా వస్తుంది. గరుకు సమంగా పడకపోతే నీడల్లో చారలు తేలతాయి. చెంప మీద కాస్త ఎక్కువ గీకితే సున్నం కొట్టినట్టుంటుంది, ఆ మేర మళ్లీ గరుకు పెట్టాల్సిందే. రేనాల్డ్స్ మెత్తటి నీడలకు ఈ పద్ధతి ఎందుకంత చక్కగా అమరిందో ఇప్పుడు నువ్వే రాయగలవు. మెజోటింట్ పుట్టింది 1642 ప్రాంతంలో, లుడ్విగ్ ఫాన్ సీగెన్ అనే జర్మన్ చేతిలో. అయినా ఫ్రెంచివాళ్లు దాన్ని 'ఇంగ్లిష్ పద్ధతి' అన్నారంటే లండన్ పనితనమే కారణం.

ఇంకో సంగతి. రోలర్ ప్రెస్ కింద ఆ గరుకు త్వరగా అణిగిపోతుంది. మొదటి కొన్ని పదుల ప్రతుల్లో ఉన్న నిండుదనం తర్వాత ఉండదు, నలుపు బూడిద రంగులోకి దిగుతుంది. అరిగిన ప్రతిని చూసి "నీడలు పేలవం" అని రాస్తే స్మిత్‌కు అన్యాయం చేసినట్టే.

బొమ్మ అడుగున ఉన్న అక్షరాలూ చదువు. సాధారణంగా ఎడమవైపు చిత్రకారుడు, కుడివైపు ఎన్‌గ్రేవర్, వాటి కింద ప్రచురణకర్త చిరునామా, తేదీ ఉంటాయి. ఆ తేదీ అలంకారం కాదు. చిత్రకారుడు, ఎన్‌గ్రేవర్ హోగార్త్ పట్టుబట్టి తెప్పించిన 1735 చట్టం ప్రకారం బొమ్మను ఇతరులు నకలు చేయకుండా ఉండే హక్కు 14 ఏళ్లు, దాన్ని 1767లో 28కి పెంచారు. హక్కు దక్కాలంటే రేకు మీద తేదీ ఉండాలి. అది అచ్చును వెలువరించిన రోజు, పని మొదలుపెట్టిన రోజుగా రాయకు.

బ్రిటిష్ సైనికాధికారి టార్లెటన్‌ను రేనాల్డ్స్ వేసిన తైలచిత్రం నుంచి స్మిత్ చేసిన 1782 నాటి అచ్చును నువ్వు ఒక్క ముక్కతో దాటేశావు. నీ వ్యాసానికి అసలు బలం అక్కడుంది. అమెరికా యుద్ధంలో టార్లెటన్ కుడిచేతి వేళ్లు రెండు పోయాయి. రేకు మీద గీసినది కాగితం మీద కుడి ఎడమై పడుతుంది. తైలచిత్రాన్ని ఉన్నదున్నట్టు రేకు మీదికి ఎక్కిస్తే అచ్చులో లోపం ఎడమచేతికి పోతుంది! అందుకే ఎన్‌గ్రేవర్లు అద్దంలో చూసి గీసేవారు.

స్మిత్ ప్రచురణకర్త కూడా. ఆయన అచ్చులకు రంగులు వేసిన కుర్రాళ్లలో తర్వాత పేరున్న చిత్రకారులైన టర్నర్, గిర్టిన్ ఉన్నారు. 1793లో ఫ్రాన్స్‌తో యుద్ధం మొదలయ్యాక యూరప్ బేరం దెబ్బతింది, స్మిత్ పాస్టెల్, అంటే రంగు సుద్దలతో మనుషుల రూపచిత్రాలు గీయడం వైపు మళ్లాడు. దీన్ని "కళాకారుడి విరక్తి" అన్నావు, ఆ మాట కొట్టెయ్యి.

నీ వ్యాసం రెండో చిత్తుప్రతిలో టార్లెటన్ అచ్చును మొదటి పేరాలోకి తీసుకురా. నువ్వు చూసిన అచ్చు ప్రతి ఎక్కడిదో, అడుగున ఏముందో అక్షరం పొల్లుపోకుండా రాసి పంపు.