యువ రచయితకు లేఖ: పాడే మాట రాయాలంటే కినోని చదువు

తమ్ముడికి ఆశీస్సులు.

నృత్యనాటకానికి సాహిత్యం రాస్తున్నానని, సంగీత దర్శకుడు పేజీకి సగం కొట్టేస్తున్నాడని రాశావు. కొట్టేయనీ. ఈ విద్యలో ఆరితేరిన ఫ్రెంచి కవి ఫిలిప్ కినోకీ అదే జరిగింది. అతను 1635లో పారిస్‌లో పుట్టాడు, ఇరవై ఏళ్లు నిండకముందే నాటకకర్త అయ్యాడు, 1670లో ఫ్రెంచి భాషా పండితుల సభ అయిన ఫ్రెంచి అకాడమీలో చేరాడు. అంత పేరున్నవాడు కూడా 1673 నుంచి 1686 దాకా లుల్లీ అనే స్వరకర్త కోసం 11 సంగీత విషాద నాటకాలు రాస్తూ, దిద్దుబాట్లన్నీ ఓర్చుకున్నాడు.

వాళ్ల పని వరస తెలుసుకో. ముందు కినో కొన్ని ఇతివృత్తాలు పట్టుకెళ్లేవాడు, ఫ్రాన్సు రాజు పద్నాలుగో లూయీ వాటిలో ఒకటి ఎంచేవాడు. తర్వాత అంకాల వారీగా కథాక్రమం రాసి ఒక ప్రతి లుల్లీకి ఇచ్చేవాడు. ఏ అంకంలో నృత్యం, ఎక్కడ బృందగానం అన్నది లుల్లీ చూసుకునేవాడు. సంభాషణలు ఆ తర్వాతే. రాసినవి అకాడమీ పెద్దలకు చూపించాక లుల్లీ మాటమాటా తూచేవాడు. ఆ పదకొండింటిలో ఒకటైన ‘ఫయేతోన్’లో కొన్ని దృశ్యాలను ఇరవై సార్లు మార్పించాడని తరువాతి తరం వ్యాఖ్యాత లెసెర్ రాశాడు. నృత్యగీతాలకైతే బాణీ ముందు, మాట తర్వాత. బాణీ కొలత తెలియడానికి లుల్లీయే ఏవో పాదాలు అల్లి ఇచ్చేవాడు. మన సినిమా కవులకు అందే డమ్మీ సాహిత్యం లాంటిదే అది. నువ్వు కథాక్రమం ఒప్పించకుండానే పద్యాలు రాసేశావు. కోతంతా అక్కడే వచ్చింది.

ఇప్పుడు వాళ్లిద్దరి చివరి నాటకం ‘ఆర్మీద్’ రెండో అంకం అయిదో దృశ్యం తెరువు. మంత్రగత్తె ఆర్మీద్ కత్తి పట్టుకుని, నిద్రపోతున్న శత్రువు రెనో మీదికి వంగింది. మొదటి పాదం ‘ఆంఫ్యాఁ, ఇల్ ఎ తాఁ మా ప్యుసాఁస్’, అంటే చివరికి నా చేతికి చిక్కాడని. ఎనిమిది అక్షరాలే. తర్వాతి రెండు పాదాలు పన్నెండేసి, నాలుగోది పది. పాదాల పొడుగు ఇలా మారుతుంటే గాయని ఊపిరీ మారుతుంది, లుల్లీ తాళమూ మారుతుంది. కొంచెం కిందికి రా: ‘ముగించేద్దాం... వణుకుతున్నాను! పగ తీర్చుకుందాం... నిట్టూరుస్తున్నాను!’ ఫ్రెంచిలో ఇది పన్నెండక్షరాల పాదం. మూడు, మూడు, మూడు, మూడుగా విరుగుతుంది. ఒక మూడు కత్తిని ఎత్తిస్తుంది, మరో మూడు దించేస్తుంది. ఇందులో ఉపమానం లేదు, విశేషణం లేదు. ఆ మధ్య ఖాళీలే సంగీతానికి వదిలిన చోటు. నాకు ఆ పాదమంటే ప్రాణం.

లుల్లీ ఈ దృశ్యానికి కట్టిన వరసను 1753లో తత్వవేత్త రూసో తప్పుపట్టాడు, మరుసటి ఏడు స్వరకర్త రామో సమర్థించాడు. 1777లో గ్లుక్ అనే స్వరకర్త కినో రాసిన ఆ పాత సాహిత్యాన్నే, మొదట్లోని ప్రస్తావన తీసేసి, మూడో అంకం చివర నాలుగు పాదాలు కలిపి, కొత్తగా స్వరపరిచాడు. ఇంకో స్వరకర్త తొంభై ఏళ్ల తర్వాత కూడా వాడుకోగలిగాడంటే ఆ మాటల కట్టుబడి ఎంత గట్టిదో చూడు.

నీ ప్రతిలో నాకు కనిపించినవి: సమాసాలు పొడుగు. నాలుగు పదాల సమాసం విడేలోపు నర్తకి మూడు అడుగులు ముందుకెళ్తుంది. సాగదీయాల్సిన చోట సంయుక్తాక్షరం, హ్రస్వం పెట్టావు. అక్కడ ఆ, ఈ, ఓ లాంటి దీర్ఘం ఉంటే గొంతు నిలుస్తుంది. క్రియ పాదం చివరే రావాలని పట్టుబట్టకు. కోపంలో ఉన్న పాత్ర క్రియతోనే మొదలుపెడుతుంది. కినో వాడిన పదాలు కొద్ది. ఆ కాలపు కవి బ్వాలో వంటి విమర్శకులు అది పలచని కవిత్వమన్నారు. నేను ఒప్పుకోను. వేదిక మీద ఒక్కసారే వినబడే మాట మొదటిసారికే అర్థం కావాలి.

ఇంకో జాగ్రత్త. 1677లో కినో, లుల్లీల ‘ఇసిస్’ ఆడినప్పుడు అసూయాపరురాలైన జూనో దేవత పాత్రలో రాజుగారి ప్రియురాలు మాంతెస్పాన్ కనబడిందని ఆస్థానం గుసగుసలాడింది. కినో రెండేళ్లు దూరంగా ఉండాల్సొచ్చింది. ఆ మధ్యలో లుల్లీకి కావాల్సిన రెండు నాటకాలూ తోమా కొర్నేయ్ అనే మరో నాటకకర్త రాశాడు. రాసేటప్పుడు ముందు వరుసలో ఎవరు కూర్చుంటారో ఒకసారి తలుచుకో. భయపడి కాదు, తెలిసి రాయడానికి.

రెండో అంకం మళ్లీ రాసి పంపు. ప్రతి పాదం పక్కన మాత్రల లెక్క, పాడేది ఎవరో, ఆ క్షణంలో వాళ్ల చేతిలో ఏముందో రాయి. పంపేముందు గట్టిగా పాడి చూసుకో. ఊపిరి తెగిన చోటల్లా పెన్సిలు గీత పెట్టు.

నీ అన్నయ్య