ఓడ మీది కంటెయినర్లు సముద్రంలో పడిపోకుండా ఇంకా గట్టిగా కట్టలేరా?

"కంటెయినర్లు పడిపోతున్నాయంటే సరిగ్గా కట్టలేదనే కదా, ఇంకా లావు గొలుసులు వేయవచ్చు కదా" అని ఒకరు అడిగారు. ఓడలో చేరకముందు నేనూ అలాగే అనుకున్నాను.

నిజానికి డెక్కు మీద గొలుసులు ఉండవు. ఒక కంటెయినరు మీద ఇంకొకటి పెట్టేటప్పుడు నాలుగు మూలల్లో ట్విస్ట్‌లాక్‌లు, అంటే తిప్పితే పడే ఇనుప తాళాలు పెడతారు. కింది రెండు మూడు అంతస్తులకు మాత్రం ఇనుప లాషింగ్ రాడ్లు ఏటవాలుగా తగిలించి టర్న్‌బకిల్‌ అనే మర తిప్పి బిగిస్తారు. పెద్ద ఓడల్లో లాషింగ్ బ్రిడ్జిలు, అంటే దొంతరల మధ్య నిలబడి పనిచేసే ఎత్తైన ఇనుప వేదికలు ఉంటాయి కనుక రాడ్లు మరికాస్త పైకి అందుతాయి. ఆ పైవన్నీ ట్విస్ట్‌లాక్‌ల దయ. పోనీ రాడ్లనే బలమంతా పెట్టి బిగిద్దామంటే, ఆ భారమూ కంటెయినరు మూలల మీదే పడుతుంది.

2014 శీతాకాలంలో థర్డ్ ఆఫీసరుగా ఉత్తర పసిఫిక్ మీదుగా అమెరికా వెళ్తున్నాను. రాత్రి వాచ్ నాది. అలలు పక్క నుంచి కాక ఎదురుగా వస్తున్నాయని నిశ్చింతగా ఉన్నాను. ఐదారు డిగ్రీలు ఊగుతున్న ఓడ కొద్ది ఊపుల్లోనే ముప్పై డిగ్రీల దాకా ఒరిగింది. టీ కప్పుతో సహా నేను బ్రిడ్జి (ఓడను నడిపే గది) ఆ చివరకు వెళ్లిపడ్డాను.

దీన్ని పారామెట్రిక్ రోలింగ్ అంటారు. అట్లతద్దికి ఉయ్యాల మీద నిలబడి, మోకాళ్లు వంచి లేస్తూ ఊగేవాళ్లను చూసే ఉంటారు. ఎవరూ తోయకుండానే ఉయ్యాల పైపైకి పోతుంది. ఓడకూ అలాంటిదే జరుగుతుంది: అల శిఖరం ఓడ నడుము దగ్గరికి వస్తే ఓడ నిలకడ తగ్గుతుంది, రెండు కొసలకు వస్తే పెరుగుతుంది. ఓడ ఒక్కసారి అటూ ఇటూ ఊగే లోపల ఇది రెండుసార్లు జరిగితే ఇక అంతే సంగతులు. 1998లో ఏపీఎల్ చైనా అనే ఓడ వందల కంటెయినర్లు పోగొట్టుకున్నది ఇలాగే. దిక్కూ వేగమూ మార్చడం ఒక్కటే అప్పుడు చేయగలిగింది. మా కెప్టెన్ గారు పరుగున వచ్చి ఆ పనే చేశారు. అప్పటికే పదకొండు కంటెయినర్లు నీళ్లలో ఉన్నాయి.

రేవులో మరో సంగతి బయటపడింది. విరిగిన దొంతరలో మిగిలిన పై కంటెయినరు కాగితాల్లో తొమ్మిది టన్నులు. క్రేను చూపించింది దాదాపు ఇరవై. తూచిన బరువు ముందే చెప్పాలన్న అంతర్జాతీయ నిబంధన 2016 జూలై 1 నుంచి వచ్చింది. అయినా బరువైనవి పైకెక్కడం పూర్తిగా ఆగలేదు.

అలాగని బరువంతా అడుగునే పెట్టి ఓడను మరీ నిలకడగా చేసినా ముప్పే. అలాంటి ఓడ ఒరిగిన వెంటనే విసురుగా వెనక్కి లేస్తుంది, ఆ కుదుపుకు లాక్‌లు తెగుతాయి. 2019 జనవరి మొదట్లో నెదర్లాండ్స్ దీవులకు ఉత్తరాన ఎంఎస్‌సీ జోయీ అనే ఓడ 342 కంటెయినర్లు పోగొట్టుకోవడానికి ఈ అతి నిలకడ కూడా ఒక కారణమని దర్యాప్తులో తేలింది.

చిన్నదే అయినా నన్ను బాగా విసిగించే విషయం ఇంకొకటుంది: ఎడమకు తిరిగే లాక్‌లూ కుడికి తిరిగేవీ ఒకే డబ్బాలో కలిపేయడం. ఎత్తున ఉన్న లాక్ పడిందో లేదో కింద నుంచి చూసేవాడు పిడి ఎటు తిరిగిందన్నదాన్ని బట్టే చెప్పాలి. కలిసిపోతే ఎలా చెబుతాడు?

ఇప్పుడు నేను ఛీఫ్ ఆఫీసరును. లోడింగ్ ప్లాన్ రాగానే ముందు పై అంతస్తుల బరువులు చూస్తాను. నచ్చకపోతే టెర్మినల్ వాళ్లతో వాదిస్తాను. రెండు కంటెయినర్లు కిందికి దించడానికి గంట ఆలస్యమంటే వాళ్లు ఒప్పుకోరు. సగం సార్లు నేనే గెలుస్తాను.