సంచిలో చీటీలు: యువ రచయిత్రికి లేఖ

అమ్మాయ్,

ఆశీస్సులు. ఇటలీలోని ఫ్లోరెన్స్ నగరం మీద నువ్వు రాసిన కథ చదివాను. వంతెన మీద సంభాషణ బాగుంది. ముగింపు దగ్గర మాత్రం ఒళ్ళు మండింది. 1434లో బ్యాంకరు కోసిమో దె మెడిచి కత్తులు దూసిన బంట్లతో ఊళ్ళోకి చొరబడి రిపబ్లిక్కును కూల్చాడని రాశావు. ఆ సెప్టెంబరులో సాయుధుల్ని ముందు పోగేసింది అతని శత్రువు రినాల్దో దెల్యి అల్బిజ్జి. అంతకు ముందు ఏడాది బహిష్కరించిన కోసిమోను వెనక్కి పిలిచింది నగర ప్రభుత్వమే. ఆ ప్రభుత్వం చీటీల్లో వచ్చింది.

ఆ చీటీల సంగతి తెలియకుండా ఫ్లోరెన్స్ గురించి ఒక్క పేరా కూడా రాయకు. ఊరిని ఏలింది తొమ్మిది మంది: ప్రయర్లనే ఎనిమిది మంది సభ్యులు, వాళ్ళకు పెద్దగా ఒక గొన్ఫలోనియర్. పదవి రెండు నెలలే. ఆ రెండు నెలలూ తిండీ నిద్రా ప్రభుత్వ భవనంలోనే. కొన్నేళ్లకోసారి అర్హుల జాబితా వేసి ఒక్కో పేరు మీద రహస్యంగా ఓటు తీసుకునేవారు. ఓటంటే చిక్కుడు గింజ: నల్లదైతే ఔను, తెల్లదైతే కాదు. మూడింట రెండు వంతులు నల్లవి పడితే ఆ పేరు చీటీ మీదికెక్కి తోలు సంచిలోకి పోతుంది. రెండు నెలలకోసారి అందులోంచి తీస్తారు. పన్ను బాకీ ఉన్నా, దగ్గరి బంధువు ఈమధ్యే పదవి దిగినా ఆ చీటీ పక్కన పెట్టి ఇంకోటి తీస్తారు.

1433లో కోసిమోను వెళ్ళగొట్టినవాళ్ళు సంచుల్లో అతని మనుషుల పేర్లు మిగలనిచ్చారు. మరుసటి ఏడాది అవే బయటికొచ్చాయి. మెడిచీలు ఆ తప్పు చెయ్యలేదు. సంచిలో ఏ పేర్లుండాలో తేల్చే అధికారుల్ని, అంటే అక్కొప్పియతోరీలను, గుప్పిట్లో పెట్టుకుని ఏరిన కొద్ది పేర్లే వేయించారు. చీటీలు తీయడం యథావిధిగా సాగింది. కోసిమో గొన్ఫలోనియర్ అయింది మూడే సార్లు. మెడిచీ వంశంలో ఒకడు ఫ్లోరెన్స్ డ్యూక్ అని బిరుదు పెట్టుకునేసరికి 1532 వచ్చింది.

మరో ఇటలీ నగరం ఫెరారాలో 1264లోనే ప్రజాసభ ఒబిజ్జో దెస్తే అనే ప్రభువుకి అధికారం అప్పగించేసింది. వెనిస్ 1297లో మహాసభ తలుపులు కొన్ని కుటుంబాలకే పరిమితం చేసి, 1797 దాకా నిలిచింది. ఎక్కడ చూసినా అసలు కథ నియమాల్లోనే ఉంది. మన సంపాదకులకు ఇటలీ అంటే బాకు, విషం, చాటుమాటు ప్రేమ. పాలన గురించిన వాక్యం కనబడితే చాలు, ఎర్ర సిరా. ఎన్ని మంచి రాతప్రతుల్ని అలా పాడు చేశారో! వాళ్ళకు నచ్చాలని రాయకు.

నన్ను నిజంగా కదిలించినవాడు నీ ఉన్ని దువ్వే ముసలాయన. అతన్ని ఒక్క పేజీలో వదిలేశావు. చిన్నప్పుడు 1378 చూసుంటాడు. ఆ జూలైలో చొంపీలు, అంటే ఉన్ని పని చేసే పేద కార్మికులు, తిరగబడి సొంత గిల్డు, అంటే వృత్తి సంఘం, సాధించుకున్నారు. ఆగస్టు ముగిసేసరికి అది పోయింది. గిల్డులో లేనివాడి పేరు సంచిలోకి ఎక్కదు. రినాల్దో ఉన్నా కోసిమో వచ్చినా ఆ ముసలాయనకు ఒరిగేదేమీ లేదు. కథంతా అతని కళ్ళతో చెప్పు.

1434 సెప్టెంబరు 26 నుంచి తిరగరాయి. రినాల్దో మనుషులు ఆయుధాలతో పోగవుతారు. సాంతా మరియా నొవెల్లా మఠంలో బస చేసిన పోప్ యూజీనియస్ అతనికి నచ్చజెప్పి ఆపుతాడు. తర్వాత చౌకులో సైనికుల కాపలా మధ్య ప్రజాసభ జరుగుతుంది. కోసిమో ఊళ్ళోకి వచ్చింది అక్టోబరు 6న. నువ్వు రాసిన మండుటెండ తీసెయ్యి.